వగైరా

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పై ఒక్క ఏళ్ళుగా కాటా పట్టినవాణ్ణి.
ముద్ద చేతికి తగిలితే చాలు,
పాకం యాడ మాడిందో, సున్నం ఎంత పడిందో చెప్పేస్తాను.
ఎవరు కాచినారో మాత్రం ఏనాడూ చెప్పలేదు.
అడిగినవాడూ లేడు.

దేవసహాయం సారు అడిగినాడు.
చర్చి లైబ్రరీకి చెదలు పట్టిందని
పుస్తకాలు ఎండలో పరిచిన పూట
అరకిలో బెల్లం తీసుకపోతే
పొట్లం విప్పకుండానే తిరిగి నా చేతిలో పెట్టి
కథ ఎత్తుకున్నాడు.

అమెరికా ఇంకా దొరల కాలనీగా ఉన్న కాలం.
క్వేకర్లని ఒక తెగ.
వాళ్ళ గుడికి పూజారి లేడు, గంట లేదు, పాట లేదు.
బల్లల మీద ఊరికే కూచుంటారు.
లోపల ఏదో కదిలితే లేచి నాలుగు మాటలు చెప్పి
మళ్ళీ కూచుంటారు.
మంచివాళ్ళు. చీమకు దారి ఇచ్చే రకం.
ఆ మంచివాళ్ళలోనే కొందరి ఇళ్ళలో
కొనుక్కొచ్చిన మనుషులు నీళ్ళు మోసేవాళ్ళు.

పదహారువందల ఎనభై ఎనిమిదిలో
నలుగురు కూచుని ఒక కాగితం రాసినారు:
నిన్నే ఇట్ల పట్టుకపోయి అమ్మితే
నీకెట్లుంటుంది?
కింది సభ చదివింది. ఇది మా తాహతుకు మించిన బరువు, పైకి పంపండి.
పై సభ చదివింది. బరువే, ఇంకా పైకి.
ఆ పైన ఇంకొక సభ ఉంది.
అది చదివి పక్కన పెట్టింది.

బరువు అన్న మాట దగ్గర సారు ఆగినాడు.
నా చేతుల పక్క చూసినాడు.

పెనుమూరు దారిలో గానుగ.
యానాది చెంగమ్మ, దాని మొగుడు పోలయ్య, ఇద్దరు బిడ్డలు.
(దాని అన్నాను చూడండి.
వేలిముద్ర వేయించుకున్న రోజూ అట్లనే అన్నాను.)
అడ్వాన్సు ఇరవై వేలు.
మూడు సీజన్లు పొయ్యిలోకి పిప్పి ఎగదోసినాక
ముప్పై నాలుగు వేలు.
ఎండకు బెల్లమన్నా తరుగుతుంది.
అక్క చావుకు నెల్లూరు తట్టు పోయినవాణ్ణి
రెండు బైకుల మీద పోయి పట్టుకొచ్చినారు.
ఆ అప్పు పుస్తకంలో అంకెలు
గుండ్రంగా, కొట్టివేతల్లేకుండా
నా చేతిరాత.

అర్జీ కూడా నా చేతిరాతే.
సంతకాలు నాలుగు:
సారు, నేను, కుట్టుమిషన్ షరీఫా, టీకొట్టు మొగిలప్ప.
తాసిల్దారు: ఇది ఆర్డీవో గారు చూడాల.
ఆర్డీవో ఆఫీసు: సోమవారం కలెక్టరేటులో ఇచ్చుకోండి.
కలెక్టరేటులో గుమాస్తా మంచివాడు, నీళ్ళు కూడా ఇచ్చినాడు.
వెట్టి అని రాయొద్దు సార్,
జిల్లాలో వెట్టి లేదని పోయిన నెలే రిపోర్టు పోయింది.
కూలీ తగాదా అని మార్చి తెండి.

ఇంట్లో కాఫీలోకి బెల్లం మానేసినాను.
నువ్వు మానితే గానుగ పొయ్యి ఆరతాదా, అనింది మా ఆవిడ.
ఆరదు.
చేదుగా తాగుతాండా. అలవాటు కాలేదు.

నాలుగో సోమవారం.
బల్ల మీద నలుగురం, ఊరికే కూచున్నాం.
ఎవరూ పిలవలేదు. ఫ్యాను కూడా తిరగడంలేదు.
చెంగమ్మ ఎట్ల తప్పించుకోనొచ్చిందో,
చంకలో చిన్నోడు,
మోచేతి దాకా పాకం కాలిన మచ్చలు.
గోడకానుకుని నిలబడింది, కూచోమన్నా కూచోలా.
చానాసేపటికి నోరు తెరిచింది.

ఆ కాగితంలో నా పేరు యాడుండాదో చూపించు సామీ.

వెతికినాను. రెండుసార్లు.
పోలయ్య వగైరా
అని ఉంది.

ఆ నలుగురి కాగితం
నూట యాభై ఏళ్ళకు ఎవరికో దొరికిందంట.
అందులో కూడా నీళ్ళు మోసినవాళ్ళ పేరు ఒక్కటీ లేదంట.
సారు చెప్పినప్పుడు విన్నాను గానీ
నాకు తగల్లేదు.

పెన్ను తీసి వగైరా కొట్టేసినాను.
వరసలో చోటు లేదు.
మార్జిన్‌లో, అడ్డంగా,
ఆమె చెప్తుంటే రాస్తా ఉండాను.
బిడ్డల పేర్లు కూడా.
చిన్నోడికింకా పేరు పెట్టలేదంట.